నీరు ఎక్కడ పోతోంది? కరెంటు ఎక్కడ ఆగుతోంది?

వాన కురిసే రాత్రి గూన పెంకుల ఇంట్లో మీ మంచం మీద నీటి చుక్క పడిందనుకోండి. తలెత్తి చూస్తారు. సరిగ్గా ఆ పైన ఉన్న పెంకును మారిస్తే సరిపోతుందా? చాలాసార్లు సరిపోదు. పెంకు పగిలింది మూడు గజాల అవతల. నీరు వాసం వెంట జారి వచ్చి ఇక్కడ చుక్కగా రాలింది. లోపం ఒకచోట ఉంది, దాని గుర్తు మరొకచోట కనబడింది.

యంత్రాలలో లోపాలు కూడా ఇలాగే ఉంటాయి. గుర్తును చూసి లోపాన్ని పట్టుకోవటం ఒక విద్య. ఆ విద్యకు కావలసిన శాస్త్రమంతా మీ పాఠ్య పుస్తకంలోనే ఉంది. ఎలాగో తెలుసుకోవటానికి ఉత్తర తెలంగాణలో ఒక ప్రయాణాన్ని ఊహించుకుందాం.

మే నెల. బయట ఎండ 44 డిగ్రీలు. మీరు మీ మేనమామతో కలిసి సిరిసిల్ల నుంచి జగిత్యాలకు పెళ్ళికి వెళుతున్నారు. దారిలో వేములవాడ, రుద్రంగి, కథలాపూర్, కోరుట్ల వస్తాయి. మామ ఈమధ్యనే ఒక పాత కారు కొన్నాడు. ఇరవై ఏళ్ళ నాటి విదేశీ కారు. కొత్తలో అది శ్రీమంతులకు మాత్రమే అందేది. ఇప్పుడు చవకగా దొరికింది. కాని కారు ధర తగ్గినంతగా దాని విడిభాగాల ధర తగ్గదు. అటువంటి కారులో లోపం తెలియకుండా ఊహతో ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోతే, కారు ఖరీదు కన్న మరమ్మతు ఖర్చే ఎక్కువ కావచ్చు. కనుక ఇక్కడ సరిగా ఆలోచించటానికి నిజమైన విలువ ఉంది.

ఇంజనుకు నీరెందుకు?

ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరి మండినప్పుడు లోపలి వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలం పాటు 2000 డిగ్రీలు దాటుతుంది. ఇంజను పైభాగాన్ని సాధారణంగా అల్యూమినియం మిశ్రమలోహంతో పోతపోస్తారు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మరి ఇంజను ఎందుకు కరగటం లేదు? దాని గోడల చుట్టూ నిరంతరం ద్రవం ప్రవహిస్తూ వేడిని మోసుకుపోతూ ఉంటుంది గనుక.

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 7,500 కిలో కాలరీల ఉష్ణం పుడుతుంది. అందులో దాదాపు మూడో వంతు పొగతో బయటికి పోతుంది. మరో మూడో వంతు చల్లబరచే ద్రవంలోకి చేరుతుంది. మిగిలిన దానిలోనే కారు నడవాలి. ద్రవంలోకి చేరే ఆ 2,500 కిలో కాలరీలతో 30 డిగ్రీల దగ్గరున్న నీటిని సుమారు 35 లీటర్లు మరిగే దశకు తీసుకురావచ్చు. కారు తాగే ప్రతి లీటరు పెట్రోలుకూ ఇంత వేడిని బయటికి పారబోయాలన్నమాట.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల కారులో నేటి రకం రేడియేటర్ లేదు. ఇంజను చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోయేది. తరిగిన నీటిని మళ్ళీ పోయవలసి వచ్చేది. 1888 ఆగస్టులో అతని భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆ రకం కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసింది. కారులో అంత దూరం వెళ్ళిన మొదటి ప్రయాణం అదే. దారి పొడుగునా ఆమె ఇంజనుకు నీళ్ళు పోస్తూనే ఉండవలసి వచ్చింది.

ఈనాటి కారులో ద్రవం ఆవిరై పోదు, తిరుగుతూ ఉంటుంది. వాటర్ పంపు దానిని ఇంజను గుండా తోస్తుంది. వేడెక్కిన ద్రవం రబ్బరు హోస్ పైపు ద్వారా రేడియేటర్‌లోకి వస్తుంది. రేడియేటర్ సన్నని గొట్టాలు, పలుచని రేకులతో తయారవుతుంది. గాలి ఆ రేకుల మధ్య నుంచి దూసుకుపోతూ వేడిని తీసుకుపోతుంది. చల్లబడిన ద్రవం మళ్ళీ ఇంజనులోకి చేరుతుంది. ఇంజను ఇంకా చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ అనే చిన్న కవాటం రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది. సుమారు 85, 90 డిగ్రీల దగ్గర అది తెరుచుకుంటుంది.

ఈ ద్రవాన్ని కూలెంట్ అంటారు. సాధారణంగా ఇందులో సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్, కొద్దిగా తుప్పు నిరోధకాలు ఉంటాయి. చలి దేశాలలో గ్లైకాల్ నీరు గడ్డకట్టకుండా కాపాడుతుంది. మన ఎండలలో దాని మేలు వేరు. అది మరుగు ఉష్ణోగ్రతను పెంచుతుంది. బోరు నీళ్ళు పోస్తే వాటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు గొట్టాల లోపల పొరలుగా పేరుకుంటాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొరను మీరు చూసే ఉంటారు. ఆ పొర వేడిని సరిగా పోనివ్వదు.

ముల్లు చెప్పిన మొదటి మాట

సిరిసిల్లలో బయలుదేరే ముందు మామ బానెట్ ఎత్తి చూశాడు. కూలెంట్ తొట్టిలో గీత వరకు నిండుగా ఉంది. వేములవాడ చేరారు. రాజన్న గుడి దగ్గర రద్దీ. కారు నడక వేగంతో పాకుతోంది. ఉష్ణోగ్రత చూపే ముల్లు మెల్లగా పైకి లేచింది. ఊరు దాటి వేగం అందుకోగానే ముల్లు తిరిగి కిందికి దిగింది.

మామ "ఎండ వల్ల" అన్నాడు. మీరు మాత్రం ఆ సంగతిని గుర్తు పెట్టుకోండి. ఎండ ఊరి లోపలా, ఊరి బయటా ఒకటే కదా! మారింది కారు వేగం. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిదానంగా పోతున్నప్పుడు, ఆగినప్పుడు ఆ పనిని కరెంటు ఫ్యాను చెయ్యాలి. కాబట్టి ముల్లు చెబుతున్నది ఇది: ఆగినప్పుడు గాలి చాలటం లేదు. ఇందుకు విరుద్ధంగా వేగంగా పోతున్నప్పుడే ముల్లు పైకి లేస్తే రేడియేటర్ పూడుకుపోయిందనో, ద్రవం తగ్గిందనో, పంపు సరిగా తిప్పటం లేదనో అనుమానించాలి.

సిరిసిల్లలో మరమగ్గం ఆగిపోతే నేత కార్మికుడు ముందుగా మోటారు విప్పడు. పోగు తెగిందేమో చూస్తాడు. ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది అన్న ప్రశ్నలే అతనికి దారి చూపుతాయి. కారులోనూ మొదటి పరికరం పానా కాదు, "ఎప్పుడు?" అనే ప్రశ్న.

మూత తీయకండి!

కథలాపూర్ దాటి కోరుట్ల సమీపిస్తుండగా రోడ్డు పని జరుగుతోంది. వాహనాలు ఆగిపోయాయి. ఈసారి ముల్లు ఎర్ర గీతను తాకింది. బానెట్ అంచుల నుంచి తెల్లని ఆవిరి లేచింది. మామ కారును పక్కకు తీసి, ఇంజను ఆపి, నీళ్ళ సీసాతో దిగాడు. రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

అతనిని ఆపండి. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఆ మూత సాధారణమైన మూత కాదు. దానిలో స్ప్రింగు ఉంది. వాతావరణ పీడనం కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువ పీడనం వచ్చేవరకు అది ద్రవాన్ని బిగించి ఉంచుతుంది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ బరువు చేసే పనే ఇది. ఆ పీడనంలో నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు, సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది.

లోపల 120 డిగ్రీల నీరుందనుకోండి. మూత తీశారు. పీడనం ఒక్కసారిగా పడిపోయింది. ఇప్పుడు నీరు 100 డిగ్రీలకు దిగాలి. ప్రతి కిలో నీరూ 20 కిలో కాలరీలను వదిలించుకోవాలి. ఆ ఉష్ణం ఎక్కడికి పోతుంది? అదే నీటిలో కొంత భాగాన్ని ఆవిరి చేస్తుంది. ఒక కిలో నీటిని ఆవిరి చెయ్యటానికి 540 కిలో కాలరీలు కావాలి. 20ని 540తో భాగిస్తే 0.037 కిలో, అంటే 37 గ్రాములు. ఇంతేనా అనకండి. ఒక గ్రాము నీటి ఆవిరి ఆ ఉష్ణోగ్రతలో దాదాపు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 37 గ్రాములకు 60 లీటర్ల పైనే! ఒక్క కిలో నీటి నుంచి ఇంత ఆవిరి క్షణంలో పుట్టి, మిగిలిన సలసల కాగే ద్రవాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. మూత తెరిచి ముఖం, చేతులు కాల్చుకున్నవారు ఎందరో ఉన్నారు.

కనుక ఇంజను ఆపి, పైన ఉన్న గొట్టం చేతికి చల్లగా తగిలేవరకు ఆగాలి. అరగంట పట్టవచ్చు, అంతకన్న ఎక్కువే పట్టవచ్చు. కాగిన ఇంజనులో ఒక్కసారిగా చల్లని నీరు పోయటం కూడా ప్రమాదమే. లోహం ఒక్కచోట హఠాత్తుగా సంకోచించి పగలవచ్చు.

కోరుట్లలో: కారే చోటు

చల్లబడ్డాక తగినన్ని నీళ్ళు పోసుకుని, మెల్లగా కోరుట్లలోని ఒక మెకానిక్కు దగ్గరకు చేరారు. "నీళ్ళు పోసుడు కాదు, నీళ్ళు ఏడికి పోతున్నయో చూడాలె" అన్నాడాయన.

ద్రవం పోవటానికి రెండే దారులు. ఒకటి బయటికి, రెండవది ఇంజను లోపలికి.

బయటికి పోతే జాడ మిగులుతుంది. కూలెంట్‌కు ఆకుపచ్చ, నారింజ, గులాబీ వంటి రంగు వేస్తారు. నీరు ఆవిరైనా ఆ రంగు, లవణాలు తెల్లని లేక పచ్చని చారలుగా మిగిలిపోతాయి. కాబట్టి తడి కోసమే కాదు, ఎండిన చార కోసం కూడా వెతకాలి. చార ఎప్పుడూ కిందికే జారుతుంది. వేగంగా పోయే కారులో గాలి దానిని వెనక్కి కూడా నెడుతుంది. అందువల్ల తడి మొదలైన అన్నిటికన్న పైచోటును, ముందుచోటును వెతికి పట్టుకోవాలి. గూన పెంకుల ఇంటిలో మీరు నేర్చిన పాఠమే ఇది.

కొన్ని లీకులు ఇంజను చల్లగా ఉన్నప్పుడే కారతాయి. రబ్బరు, లోహం వేరువేరుగా సంకోచించటం వల్ల క్లిప్పు దగ్గర సందు ఏర్పడుతుంది. మరికొన్ని వేడిగా, పీడనంతో ఉన్నప్పుడే కారతాయి. అవి నిలిచి ఉన్న కారులో కనబడవు. వేడి ఇంజను దగ్గర చేతులు పెట్టి వెతకటం ప్రమాదం. మరి ఏం చేయాలి? వేడి లేకుండా పీడనాన్ని మాత్రం కల్పించాలి! మెకానిక్కు ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత మూత ఉండే చోట పీడనమాపకం ఉన్న చేతి పంపును బిగించాడు. మూత మీద రాసి ఉన్న పీడనం వరకు గాలి కొట్టి వదిలాడు. వ్యవస్థలో లీకు లేకపోతే ముల్లు కదలకుండా నిలవాలి. ఇక్కడ పది నిమిషాలలో ముల్లు సగానికి పడిపోయింది.

ద్రవం లోపలికి పోతోందా? దానికి వేరే గుర్తులు ఉంటాయి. హెడ్ గాస్కెట్ దెబ్బతింటే కూలెంట్ సిలిండరులోకి చేరి, పొగగొట్టం నుంచి తెల్లని ఆవిరి ఆగకుండా వస్తుంది. ఇంజను ఆయిల్‌లో కలిస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారుతుంది. దీనికి ఒక చక్కని రసాయన పరీక్ష ఉంది. బ్రోమోథైమాల్ బ్లూ అనే నీలి ద్రావణం గుండా కూలెంట్ తొట్టి పైనున్న గాలిని పీలుస్తారు. మండిన వాయువులు కూలెంట్‌లోకి చేరుతుంటే వాటిలోని కార్బన్ డయాక్సైడు వల్ల నీలి రంగు పసుపుగా మారుతుంది. సున్నపుతేటలోకి ఊపిరి ఊది అది పాలవలె మారటం మీరు ప్రయోగశాలలో చూశారు కదా! ఆ పరీక్షకు ఇది తోబుట్టువు. మన కారులో ద్రావణం నీలంగానే ఉండిపోయింది. అంటే ఇంజను లోపల క్షేమం.

చివరికి దీపం వేసి వెతికితే రేడియేటర్ పై గొట్టం అతుకు దగ్గర, క్లిప్పు కింద ఒక సన్నని చుక్క కనబడింది. ఆ చోట రబ్బరు గట్టిపడి, వేలితో నొక్కితే అణగటం లేదు. కింద ఆకుపచ్చని ఎండిన చార కూడా ఉంది. అంటే ఈ లీకు ఇవాళ పుట్టింది కాదు, ఎన్నో నెలలుగా బొట్టు బొట్టుగా కారుతోంది.

రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు తిరిగిన కిలోమీటర్లు ఒక్కటే వయసు కాదు. వేడి, గాలిలోని ఆక్సిజను, గడిచిన సంవత్సరాలు కూడా వాటిని పెళుసు చేస్తాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ కారు ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానిని తెప్పించమన్నాడు. కారు రాకముందే, 1911లో ఆయన మరణించాడు. ఊరేగింపులకే వాడటం వల్ల అది చాలా తక్కువ దూరం తిరిగింది. అటువంటి కార్ల లోహం వందేళ్ళు నిలుస్తుంది. రబ్బరుకు అంత ఆయుష్షు లేదు. పాత కారును కొనేవారు మీటరు మీది అంకెతో పాటు గొట్టాల వయసును కూడా అడగాలి.

గొట్టం, క్లిప్పు మార్చారు. శుద్ధి చేసిన నీటితో కలిపిన కొత్త కూలెంట్ పోశారు. పాత ద్రవాన్ని నేల మీద పారబోయకుండా డబ్బాలో పట్టి, మూత బిగించారు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని అది విషం. కుక్కలు, పిల్లలు రుచి చూస్తే మూత్రపిండాలు పాడై ప్రాణం పోవచ్చు. దానిని తాగే నీటి సీసాలలో ఎన్నడూ ఉంచకూడదు.

కలవని సాక్ష్యం

మామ సంతోషంగా డబ్బు తీయబోయాడు. మీరు ఒక్క ప్రశ్న అడగాలి. "పొద్దున సిరిసిల్లలో కూలెంట్ నిండుగా ఉంది. అయినా వేములవాడలో ముల్లు ఎందుకు లేచింది?"

చూశారా? లీకు దొరికింది. అది నిజమైన లోపమే. కాని ఆగినప్పుడు లేచి, వేగంలో దిగిన ముల్లును ఈ లీకు వివరించలేదు. ఒక కారణం దొరకగానే వెతకటం మానివేయటం చాలామంది చేసే పొరపాటు. అన్ని గుర్తులూ కలిసేవరకు నిర్ణయం పూర్తి కాదు. శాస్త్రజ్ఞులు కూడా ఈ నియమాన్నే పాటిస్తారు.

కోరుట్ల నుంచి జగిత్యాలకు సుమారు 25 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద ముల్లు ఒద్దికగా ఉంది. జగిత్యాల బజారులోకి రాగానే మళ్ళీ లేచింది!

జగిత్యాలలో: ఆగే చోటు

కారును ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పెట్టారు. బానెట్ ఎత్తితే ఫ్యాను తిరుగుతూనే ఉంది. కారు కంప్యూటరుకు పరీక్షా యంత్రం తగిలిస్తే "ఫ్యాను సర్క్యూటులో లోపం" అని వచ్చింది. పక్కనున్న ఒకాయన "ఫ్యాను మార్చెయ్యండి" అని సలహా ఇచ్చాడు. ఆగండి. యంత్రం ఫ్యాను చెడిందని చెప్పలేదు. ఫ్యాను ఉన్న దారిలో ఎక్కడో లోపం ఉందని మాత్రమే చెప్పింది. బ్యాటరీ, ఫ్యూజు, రిలే, తీగలు, ఫ్యాను, తిరిగి బ్యాటరీ రుణ ధ్రువానికి చేరే ఎర్త్ తీగ, ఇవన్నీ ఆ దారిలో ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోందని చెప్పటానికి కన్ను చాలు. తగినంత వేగంగా తిరుగుతోందా లేదా చెప్పటానికి కొలత కావాలి.

ఎలక్ట్రీషియన్ ముందుగా ఫ్యాను ప్లగ్గు ఊడదీసి, ఆ రెండు కొనల మధ్య మల్టీమీటరు పెట్టాడు. ఇంజను నడుస్తుంటే 14 వోల్టులు చూపింది. పూర్తి వోల్టేజి! అంటే తీగలన్నీ బాగున్నట్లేనా?

కాదు. ఇక్కడే ఓం నియమం పనికి వస్తుంది. చెడిన అతుకు దగ్గర తగ్గే వోల్టేజి ఎంత? ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే వచ్చినంత. ప్లగ్గు ఊడదీశాక మీటరు గుండా పోయే ప్రవాహం దాదాపు సున్న. సున్నను ఎంతతో గుణించినా సున్నే. కనుక పని చేయనప్పుడు చెడ్డ అతుకు కూడా మంచిదానిలా నటిస్తుంది. ఊళ్ళో మోటార్లన్నీ ఆగి ఉన్నప్పుడు బల్బు వెలుగు బాగానే ఉంటుంది. అందరూ ఒకేసారి మోటార్లు వేశాకనే లైను బలమెంతో బయటపడుతుంది. తీగను పరీక్షించాలంటే దానిమీద బరువు ఉండగానే పరీక్షించాలి.

లెక్క చూడండి. ఫ్యాను మోటారు నిరోధం 0.6 ఓంలనుకుందాం. మోటారు అచ్చంగా నిరోధం కాదు, అయినా విషయం తెలియటానికి ఈ లెక్క చాలు. 14 వోల్టులకు 23 ఆంపియర్ల పైగా ప్రవాహం, సుమారు 327 వాట్ల సామర్థ్యం. ఇప్పుడు ఆ దారిలో ఒక అతుకు తుప్పుపట్టి 0.2 ఓంల నిరోధం చేరిందనుకోండి. మొత్తం 0.8 ఓంలు. ప్రవాహం 17.5 ఆంపియర్లకు పడిపోతుంది. అతుకు దగ్గరే 3.5 వోల్టులు ఖర్చయిపోతాయి. ఫ్యానుకు మిగిలేది 10.5 వోల్టులు, అంటే సుమారు 184 వాట్లు. సగం కంటే కాస్త ఎక్కువ, అంతే! మిగిలిన 61 వాట్లు అతుకును వేడెక్కించటానికి వృథా అవుతాయి. చిన్న బోల్టు దగ్గర 60 వాట్ల బల్బంత వేడి! ఓం‌లో అయిదో వంతు నిరోధం ఎంత పని చేసిందో చూశారా?

ఎలక్ట్రీషియన్ ప్లగ్గు తిరిగి పెట్టి, ఫ్యాను తిరుగుతుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ రుణ ధ్రువం మీద, మరొక కొనను ఫ్యాను ఎర్త్ కొన మీద ఉంచాడు. మంచి ఎర్త్ అయితే ఇక్కడ ఒక వోల్టులో అయిదో వంతు కన్న ఎక్కువ చూపకూడదు. చూపింది 3.5 వోల్టులు! లోపం ఎర్త్ దారిలోనే ఉంది. ఆ దారిని రెండు ముక్కలు చేశాడు. బ్యాటరీ నుంచి కారు బాడీ వరకు దాదాపు సున్న. బాడీ నుంచి తీగ చివర వరకు మొత్తం 3.5. అంటే దోషి ఆ తీగను బాడీకి బిగించిన ఒక్క బోల్టే.

బోల్టు విప్పితే కింద ఆకుపచ్చని బూజులాంటి పొర ఉంది. అది రాగి తుప్పు. గరుకు కాగితంతో లోహం మెరిసేవరకు రుద్ది, కొత్త కొన వేసి, బిగించి, పైన గ్రీజు పూశాడు. ఫ్యాను చప్పుడే మారిపోయింది. ముల్లు కిందికి దిగి నిలిచింది. కొత్త ఫ్యాను కొనవలసిన అవసరం లేకపోయింది.

రెండు లోపాలు, ఒకే వలయం

కథ ఇంకా ముగియలేదు. ఆ బోల్టు ఎక్కడ ఉంది? కోరుట్లలో మార్చిన గొట్టం అతుకుకు సరిగ్గా కింద!

ఇప్పుడు గుర్తులన్నీ కలిశాయి. గొట్టం అతుకు నుంచి నెలల తరబడి పాత కూలెంట్ బొట్టు బొట్టుగా ఎర్త్ బోల్టు మీద రాలింది. పాతబడిన కూలెంట్‌లో తుప్పు నిరోధకాలు అరిగిపోతాయి. రాగికి తుప్పు పట్టింది. నిరోధం పెరిగింది. ఫ్యాను మందగించింది. రద్దీలో ఇంజను వేడెక్కింది. వేడితో పీడనం పెరిగింది. పీడనంతో లీకు మరింత పెరిగింది. పెరిగిన లీకు మరింత తుప్పు తెచ్చింది. ఒకటి రెండవదాన్ని పెంచుతూ, రెండవది మొదటిదాన్ని పెంచుతూ వచ్చాయి.

గొట్టం మాత్రమే మార్చి ఊరుకుంటే ఇంజను మళ్ళీ కాగేది. బోల్టు మాత్రమే శుభ్రం చేసి ఊరుకుంటే మళ్ళీ తుప్పు పట్టేది. ఫ్యాను మార్చి ఉంటే డబ్బు పోయేది, జబ్బు ఉండేది.

దారిని ముక్కలు చేసి వెతకటం మరొక చోట కూడా పనికి వస్తుంది. కారు నిలిపి ఉంచినా రాత్రికి రాత్రి బ్యాటరీ అయిపోతుందనుకోండి. ఎక్కడో దొంగ ప్రవాహం ఉంది. పాత పెద్ద కార్లలో 32 ఫ్యూజులో, అంతకన్న ఎక్కువో ఉంటాయి. దారిలో అమ్మీటరు పెట్టి, ఇంజను ఆపాక కారు కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారేవరకు అరగంట ఆగి, సగం ఫ్యూజులు తీయండి. ప్రవాహం తగ్గితే దొంగ ఆ సగంలో ఉన్నాడు. తగ్గకపోతే మిగిలిన సగంలో ఉన్నాడు. 32లో 16, తరువాత 8, 4, 2, 1. దొంగ ఒక్కడే అయితే అయిదు పరీక్షలలో దొరికిపోతాడు.

బెర్తా బెంజ్ కథలో చెప్పకుండా దాచిన సంగతి ఒకటి ఉంది. ఆమెకు దారిలో నీటి సమస్యే కాదు, విద్యుత్ సమస్య కూడా ఎదురైంది. మంటను రగిలించే తీగ మీది తొడుగు అరిగిపోతే, ఆమె తన మేజోడు పట్టీని దానికి చుట్టి ప్రవాహం పక్కదారి పట్టకుండా ఆపిందని చెబుతారు. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ సూదితో శుభ్రం చేసిందట. ఆమె ఏ భాగాన్నీ ఊహతో మార్చలేదు. మార్చటానికి ఆమె దగ్గర విడిభాగాలే లేవు! ఏది ఆగిందో, ఎక్కడ ఆగిందో చూసింది.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎందరో యువకులు గల్ఫ్ దేశాలకు పనికి వెళుతుంటారు. రేపు మీలో కొందరు అక్కడో, ఇక్కడో వర్క్‌షాపులో నిలబడవచ్చు. అప్పుడు ఓం నియమం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఉండదు. పక్కవాడు ఫ్యాను విప్పుతుంటే, మీరు బోల్టు దగ్గరకు నేరుగా వెళ్ళేలా చేస్తుంది.

మీరే చేసి చూడండి

1. సూది లేని కొత్త ప్లాస్టిక్ సిరంజిలోకి పెద్దవారి సహాయంతో 60 డిగ్రీల వేడి నీటిని కొద్దిగా, గాలి లేకుండా లాగండి. కొనను గట్టిగా మూసి, పిడిని వెనక్కి లాగండి. 60 డిగ్రీల నీరు బుడగలతో మరగటం చూస్తారు. పీడనం తగ్గితే మరుగు ఉష్ణోగ్రత తగ్గుతుంది. రేడియేటర్ మూత తీసినప్పుడు జరిగేది ఇదే.

2. రాగి తీగ కొనను ఉప్పు కలిపిన నిమ్మరసంలో తడిపి, నాలుగైదు రోజులు గాలికి ఉంచండి. ఆకుపచ్చని పొర ఏర్పడుతుంది. రెండు టార్చి సెల్లులు, ఒక ఫిలమెంటు బల్బు, ఈ తీగ కలిపి సర్క్యూటు చెయ్యండి. బల్బు మసకగా వెలుగుతుంది, లేదా అసలే వెలగదు. పాఠశాలలోని వోల్టుమీటరును ఆ అతుకుకు రెండు పక్కలా పెట్టి కొలవండి. తరువాత తీగను గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ కొలవండి.

ఆలోచించండి

1. ఏసీ వేసుకుని ప్రయాణించి వచ్చిన కారు కింద రంగు, వాసన, జిగురు లేని నీరు మడుగు కట్టింది. ఇది లీకేనా? ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

2. మన కారులో ముల్లు ఊళ్ళో కాక రహదారి మీద వేగంగా పోతున్నప్పుడే లేచి ఉంటే, మీరు మొదట ఏ భాగాన్ని పరీక్షించేవారు?

3. 64 ఫ్యూజులున్న కారులో ఒక్క దొంగ ప్రవాహాన్ని పట్టటానికి ఎన్ని పరీక్షలు చాలు?